హైడ్రిల్లాకు సముద్రంలో చుట్టాలు

ఏ తరగతిలో చేశామో మరిచిపోయినా ఆ ప్రయోగం మాత్రం గుర్తుండే ఉంటుంది. గాజు బీకరులో నీళ్లు, ఆ నీళ్లలో హైడ్రిల్లా కొమ్మలు, వాటి మీద బోర్లించిన గరాటు, గరాటు కాడ మీద నీళ్లు నింపి తలకిందులుగా నిలబెట్టిన పరీక్షనాళిక. బీకరును ఎండలో పెట్టగానే కొమ్మల చివరల నుంచి బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకి పోతాయి. నాళికలో గాలి చేరాక బొటనవేలితో మూసి, బయటికి తీసి, కొన ఇంకా ఎర్రగా ఉన్న పుల్లను లోపల పెడితే భగ్గుమంటుంది. అంటే అది ఆక్సిజన్ అని నిరూపణ. బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు.

ఆ హైడ్రిల్లా ఎక్కడి నుంచి వచ్చేది? వరంగల్, హనుమకొండ బడుల్లోనైతే ముందురోజు సాయంత్రం ఎవరో ఒక పిల్లవాడికి పని పడేది: ‘‘రేపొచ్చేటప్పుడు చెరువుల నుంచి నాచు తేరా.’’ వడ్డేపల్లి చెరువు దగ్గరుంటే అక్కడి నుంచి, పల్లెలోనైతే ఊరి చెరువు నుంచి, వాడు ఓ గుప్పెడు పచ్చటి చిక్కుముడిని పాలిథిన్ కవర్లో వేసుకుని వచ్చేవాడు. అందులో హైడ్రిల్లాతో పాటు జుట్టులాంటి స్పైరోగైరా పోగులు, ముట్టుకుంటే గరగరలాడే కారా, రెండు నత్తలు, ఒక్కోసారి ఒక చేపపిల్ల కూడా ఉండేవి. సారు వాటిలో నుంచి హైడ్రిల్లాను ఏరి, మిగతాది కిటికీలో నుంచి పారేసేవాడు.

మన భాషలో నాచు అనే మాటది పెద్ద మనసు. నీళ్లలో పచ్చగా ఏది కనబడినా తనలో కలుపుకుంటుంది. పాచి కూడా అంతే. మెట్ల మీద జారుడుగా పట్టేదాన్ని తెలంగాణలో పాకురు అంటాం. తమిళంలో పాసి అనే మాట ఉంది, మన పాచికి తోబుట్టువు. రామేశ్వరం దగ్గరి జాలర్లు సముద్రంలో దొరికే నాచులన్నిటినీ ఆ పేరుతోనే పిలుస్తారు. మాటగా ఇందులో తప్పేమీ లేదు. చెరువులో కాలు జారకుండా చూసుకోవాల్సినవాడికి అది పువ్వు పూసే మొక్కా, శైవలమా అన్న తేడాతో పనేముంది? మన కథకు మాత్రం ఆ తేడా కావాలి.

స్పైరోగైరాకు వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు, పువ్వు అసలే లేదు. అది శైవలం. పక్కనే ఉన్న హైడ్రిల్లాకు ఇవన్నీ ఉన్నాయి. అది వరి లాగా, జొన్న లాగా ఏకదళబీజపు మొక్క. దాని కుటుంబం పేరు హైడ్రోకారిటేసి. పెద్ద కుటుంబమేమీ కాదు గానీ విచిత్రమైనది. కొందరు సభ్యులు చెరువుల్లో, వాగుల్లో కాపురం పెట్టారు. హైడ్రిల్లా, పట్టీల్లాంటి పొడవాటి ఆకుల వాలిస్నేరియా, తెల్లటి పువ్వును నీటి మీదికి చాచే ఒట్టీలియా ఆ కోవలోవి. ఇంకొందరు సముద్రంలోకి దిగిపోయారు. వాళ్లే హాలోఫిలా, థలాసియా, ఎన్‌హాలస్. సముద్రపు గడ్డి అని లోకం పిలిచే మొక్కల్లో ఈ మూడూ ముఖ్యమైనవి.

వరంగల్ నుంచి సముద్రానికి సూటిగా గీత గీస్తే దాదాపు 250 కిలోమీటర్లు. ఓరుగల్లును ఏలిన గణపతిదేవుడు మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించింది 1244–45లో. ఆ తరవాత మళ్లీ సముద్రం మనదని అనిపించే సందర్భం ఈ ఊరికి పెద్దగా రాలేదు. అయినా బడి పిల్లవాడు కవర్లో తెచ్చిన ఆ గుప్పెడులో సముద్రపు గడ్డికి దగ్గరి చుట్టం ఉండేది. ఆ సంగతి పాఠంలో లేదు. ఉండి ఉంటే బాగుండేది.

సముద్రపు గడ్డి అసలు గడ్డి కాదు. గరిక, దర్భ ఉన్న కుటుంబంతో దీనికి దగ్గరి సంబంధం లేదు. ఆకులు పట్టీల్లా ఉండి, సముద్రం అడుగున పచ్చికలా పరుచుకుంటుంది కాబట్టి ఆ పేరు. కథ మొదలైంది నేల మీదే. నేల మీద బతకడం నేర్చుకున్న పూలమొక్కల్లో కొన్ని, సుమారు పది కోట్ల ఏళ్ల కిందటి నుంచి, తిరిగి నీళ్లలోకి, అక్కడి నుంచి ఉప్పునీళ్లలోకి దారి పట్టాయి. ఒక్కసారి కాదు, కనీసం మూడుసార్లు, వేరువేరు వంశాల నుంచి. తిమింగలాల తాతలు నేల వదిలి కడలికి పోయిన కథ చాలామందికి తెలుసు. మొక్కలు కూడా అదే పని చేశాయని తెలిసినవాళ్లు తక్కువ.

ఊరు మారితే సామాను తగ్గించుకోవాలి. 2016లో జోస్టెరా మెరీనా అనే సముద్రపు గడ్డి జన్యుపటం వెలువడింది. ఆకు మీద గాలి పీల్చే పత్రరంధ్రాలను తయారు చేసే జన్యువులు అందులో కనబడలేదు. నీటిలో మునిగి ఉన్న ఆకుకు కిటికీలెందుకు? హైడ్రిల్లా ఆకును సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినా పత్రరంధ్రాలు దొరకవు. సముద్రపు గడ్డి వదులుకోనివి కూడా ఉన్నాయి: ఇసుకలో పసుపుకొమ్ములా అడ్డంగా పాకే కాండం, కిందికి దిగే వేర్లు, పువ్వు, పుప్పొడి, విత్తనం. ప్రపంచంలో ఇలాంటి జాతులు 70 వరకు ఉన్నాయి. మన దేశపు తీరాల్లో ఉన్నవి 15 దాకా.

పువ్వుండగానే సరిపోతుందా? పెళ్లి జరగాలి కదా. నీళ్లలో తుమ్మెదలు ఎగరవు, గాలి వీచదు. ఈ చిక్కును చెరువు మొక్క ఎలా విప్పుకుందో చూస్తే సముద్రపు మొక్క చేసే పని అర్థమవుతుంది.

వాలిస్నేరియాలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ పూలు నీటి అడుగున, మొక్క మొదట్లో ఒక పొత్తిలో ఆవగింజల కన్నా చిన్నవిగా వందల్లో పుడతాయి. ఈడు రాగానే తల్లి నుంచి తెగిపోయి బుడగల్లా పైకి తేలతాయి. నీటి పైకి చేరాక విచ్చుకుని, రెక్కలనే కాళ్లుగా ఆనించుకుని పుట్టిపడవల్లా తిరుగుతుంటాయి. ఆడ పువ్వు సన్నటి పొడవాటి కాడ మీద కింది నుంచి నీటి మట్టం దాకా ఎదిగి వస్తుంది. పువ్వు ఆనినచోట నీటి పొర కొంచెం గుంటపడుతుంది. దగ్గరికి వచ్చిన మగ పూలు ఆ గుంటలోకి జారిపోతాయి. పుప్పొడి తగులుతుంది. పని అయిపోగానే ఆడ పువ్వు కాడ స్ప్రింగులా చుట్టుకుంటూ కాయను మళ్లీ అడుగుకు లాక్కుపోతుంది. బతుకమ్మ సాగనంపే రోజుల్లో చెరువుగట్టు మీద అంత మంది నిలబడతాం, నీళ్ల మీద అన్ని పూలు చూస్తాం. చెరువుకు సొంత పూలున్నాయని మాత్రం గమనించం. నిజానికి అవి కంటికి ఆనేంత పెద్దవి కూడా కావు.

ఇప్పుడు మన్నార్ సింధుశాఖకు పోదాం. అక్కడ, పాక్ అఖాతంలోనూ, అండమాన్ తీరాల్లోనూ ఎన్‌హాలస్ పెరుగుతుంది. మన సముద్రపు గడ్డి జాతుల్లోకెల్లా పొడవైనది, ఆకు మీటరు దాటుతుంది. ఇది కూడా మగ పూలను తెంపి పైకి వదులుతుంది. అవి తెల్లటి థర్మకోల్ పూసల్లా నీటి మీద తేలతాయి. నీరు బాగా తీసిన ఆటు వేళ ఆడ పువ్వు నీటి మట్టాన్ని అందుకుంటుంది. పూసలు దాని రెక్కలకు చిక్కుకుంటాయి. తరవాత కాడ చుట్టుకుని కాయను కిందికి లాగుతుంది. చెరువు చెల్లెలిదీ కడలి అక్కదీ ఒకటే పెళ్లి తంతు. ఉప్పునీటికి పోయినా ఇంటి ఆచారం విడవలేదు.

మిగతా సముద్రపు గడ్డి జాతుల్లో చాలావరకు పైకి రావడం కూడా మానేసి, పుప్పొడిని నీటిలోనే వదులుతాయి. జోస్టెరా పుప్పొడి గుండ్రటి రేణువు కాదు, మిల్లీమీటర్లలో కొలవగల దారం. ప్రవాహంలో కొట్టుకుపోతూ కీలాగ్రానికి చుట్టుకుంటుంది. చాలాకాలం ఇదంతా నీటి దయేనని అనుకున్నారు. థలాసియా పూల మీద రాత్రిపూట వాలే చిన్నచిన్న రొయ్యజాతి జీవులు పుప్పొడిని ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు మోస్తాయని 2016లో ప్రయోగాల్లో తేలింది. అంటే సముద్రంలోనూ తుమ్మెదలున్నాయి.

ఈ పచ్చికను మేసే పశువు ఒకటుంది. దాని పేరు డ్యూగాంగ్. తమిళ జాలర్లు కడల్ పసు అంటారు, సముద్రపు ఆవు. వందల కిలోల బరువుండి, రోజుకు 30 నుంచి 40 కిలోల గడ్డి తింటుంది. మేసినచోట ఇసుకలో చాలు తోలినట్టు గీత పడుతుంది. దీనికోసం తమిళనాడు 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల సంరక్షణ ప్రాంతాన్ని ప్రకటించింది. దేశంలో ఇలాంటిది అదే మొదటిది. ఆవును కాపాడాలంటే మేత బీడును కాపాడాలని పల్లెటూరి మనిషికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

మనుషులకూ ఇది పనికొచ్చింది. డెన్మార్కులోని లేసో దీవిలో ఒడ్డుకు కొట్టుకొచ్చిన జోస్టెరాతో ఇళ్లకు కప్పులు వేశారు. ఉప్పు పట్టి ఉండటం వల్ల అవి తొందరగా కుళ్లవు. మెక్సికోలో సేరి తెగవాళ్లు దాని గింజలను దంచి పిండి చేసుకునేవారు. సముద్రంలో పండిన ధాన్యం! ఇంతకన్నా పెద్ద ఉపకారం కంటికి కనబడనిది. సముద్రగర్భంలో వెయ్యింట ఒకటి, రెండు వంతులకు మించని విస్తీర్ణంలో ఉన్న ఈ పచ్చికలు, సముద్రం అడుగున ఏటా పూడిపోయే కార్బన్‌లో పదో వంతు దాకా తమ బురదలో దాచుకుంటున్నాయని అంచనా. ఆస్ట్రేలియా షార్క్ బేలో 180 కిలోమీటర్ల మేర పరుచుకున్న పోసిడోనియా పచ్చిక అంతా ఒకే విత్తనం నుంచి పాకిన ఒకే మొక్క అని 2022లో తేలింది. వయసు 4,500 ఏళ్ల దాకా ఉండొచ్చంటున్నారు.

మన తీరంలో ఇంత వైభవం లేదు. గోదావరి, కృష్ణ తెచ్చిపోసే ఒండ్రుతో నీరు మసకగా ఉంటుంది, ఇసుక తీరాన్ని అలలు తెరిపిలేకుండా కొడతాయి. పులికాట్ లాంటి ప్రశాంతమైన ఉప్పునీటి సరస్సులో హాలోఫిలా ఉంది. అంగుళం పొడవు ఆకులతో, బురదలో దాదాపు దాక్కుని ఉంటుంది. వెతికి చూసే ఓపిక కావాలి.

తెలుగు తీరానికి దక్కింది స్పైరోగైరా లాంటి శైవలం, సముద్రపు నాచు. దానికి బురద వద్దు, రాయి కావాలి. వేరు లేదు కాబట్టి రాతిని కరిచి పట్టుకుంటుంది, తిండిని ఒళ్లంతా పీల్చుకుంటుంది. విశాఖపట్నంలో రాతిగుట్టలు సముద్రంలోకి దిగే చోట, ఆటు వేళ నీరు వెనక్కి తగ్గగానే పచ్చటి అల్వా, విసనకర్రల్లాంటి పాడినా, చిన్న గాలిబుడగలతో సర్గాసం బయటపడతాయి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు ఆ రాళ్ల మీద ఏ మట్టంలో ఏ నాచు, ఏ నెలలో ఎంత పెరుగుతుందో పట్టుగా గమనించి రాసిన పరిశోధన 1964లో జర్నల్ ఆఫ్ ఎకాలజీలో అచ్చయింది. బీచ్ రోడ్డులో మిరపకాయ బజ్జీలు తింటూ నడిచేవాళ్లకు ఆ రాళ్లు శాస్త్ర చరిత్రలో ఉన్నాయని చెప్పే బోర్డు ఒకటి పెడితే ఎవరి సొమ్ము పోతుంది?

పచ్చ, ఎరుపు, గోధుమ రంగు నాచులు మూడూ మూడు దారులు. పచ్చవి మొక్కలకు దగ్గరి బంధువులు, ఎర్రవి దూరపు బంధువులు. సర్గాసం లాంటి గోధుమ రంగువైతే మొక్కల వంశమే కాదు. డయాటమ్‌లనే సూక్ష్మజీవులకు అవి దగ్గర. నాచు అనేది కులం పేరు కాదు, వృత్తి పేరు అనుకుంటే గొడవ లేదు.

ఈ నాచు వరంగల్‌కు ఎప్పుడో వచ్చింది. మనమే పేరు పెట్టి గుర్తుపట్టలేదు. కిరాణా దుకాణంలో చైనా గ్రాస్ ఇవ్వమంటే సన్నటి పారదర్శకమైన పోగుల పొట్లం ఇస్తారు. అందులో గడ్డి పరక ఒక్కటీ ఉండదు. పుట్టిల్లు కూడా చైనా కాదు, జపాన్. అది అగర్. జెలీడియం, గ్రాసిలేరియా లాంటి ఎర్ర నాచులను ఉడికించి, వడగట్టి, ఆరబెట్టి తీసిన పదార్థం. పాలలో వేసి మరిగించి, చక్కెర, యాలకులు వేసి పళ్లెంలో పోస్తే గట్టిపడుతుంది. ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. మే నెలలో ఈ ఊరి ఎండ 44 డిగ్రీలు దాటినా పుడ్డింగు పుడ్డింగుగానే నిలబడుతుంది. జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసే జెలటిన్‌తో చేసినదైతే అదే ఎండకు నీరై పారుతుంది.

ఈ చిన్న తేడా వైద్య చరిత్రను మార్చింది. 1881లో వాల్టర్ హెస్సె అనే జర్మన్ డాక్టరు గాలిలోని సూక్ష్మజీవులను జెలటిన్ మీద పెంచుతున్నాడు. ఎండాకాలం వచ్చేసరికి జెలటిన్ కరిగిపోతోంది. చల్లగా ఉన్నప్పుడు కూడా కొన్ని సూక్ష్మజీవులు దాన్నే తినేసి నీరు చేస్తున్నాయి. భార్య ఫానీ ఇంట్లో చేసే జెల్లీలు ఎండాకాలంలోనూ ఎందుకు కరగడం లేదని అతను అడిగాడు. న్యూయార్కులో పెరిగిన ఫానీకి ఆ కిటుకు అక్కడి పొరుగావిడ నేర్పింది. జావాలో ఉండి వచ్చిన డచ్చి మనిషి ఆమె. జావా వంటింటి నుంచి న్యూయార్కుకు, అక్కడి నుంచి జర్మనీకి, చివరికి రాబర్ట్ కోహ్ ప్రయోగశాలకు అగర్ చేరింది. అగర్ కరగాలంటే 85 డిగ్రీలు కావాలి, చల్లార్చితే 40 డిగ్రీల లోపు గాని గట్టిపడదు. మనిషి ఒంటి వేడి 37 డిగ్రీల దగ్గర రోజుల తరబడి ఉంచినా చెక్కుచెదరదు, సూక్ష్మజీవుల్లో దాన్ని తినగలిగేవి బహు కొద్ది. కోహ్ 1882లో క్షయ క్రిమిని ప్రకటించిన వ్యాసంలో అగర్‌ను ప్రస్తావించాడు, ఫానీ పేరు మాత్రం రాయలేదు. వంటింటి విద్యకు మర్యాద దక్కకపోవడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీలో ఇన్నేళ్లుగా ఎన్ని వేల మంది సూక్ష్మజీవశాస్త్రం చదివారో, వాళ్లంతా చేత్తో పట్టుకున్నది అగర్ పోసిన గాజు పళ్లాన్నే. కణజాల వర్ధనంలో ఆకు ముక్క నుంచి మొక్కను పుట్టించే సీసాల్లోనూ అదే. చెరువు నాచుతో పాఠం మొదలుపెట్టిన పిల్లవాడు, డాక్టరో వృక్షశాస్త్రజ్ఞుడో అయినప్పుడు సముద్రపు నాచు మీద పరీక్ష రాస్తాడన్నమాట.

గోధుమ రంగు నాచుల నుంచి వచ్చేది ఆల్జినేట్. కట్టుడు పళ్ల కోసం దవడ అచ్చు తీసేటప్పుడు పళ్ల డాక్టరు గిన్నెలో కలిపి నోట్లో పెట్టే ముద్ద చాలామటుకు ఇదే. అద్దకం బట్టలో దీని పని ఇంకా తమాషాగా ఉంటుంది. రంగు పాకకుండా చిక్కగా నిలవాలంటే ఏదో ఒక జిగురు కలపాలి. గంజి ఉంది, చింతగింజల పొడి ఉంది. కానీ ఇప్పటి రియాక్టివ్ రంగులు నూలుతో రసాయనికంగా ముడిపడతాయి. గంజి కూడా నూలుకు బంధువే కాబట్టి రంగు దాన్నీ పట్టుకుంటుంది, ఉతికినా జిగురు పోక బట్ట బిరుసెక్కుతుంది. ఆల్జినేట్‌కు రంగుతో పొత్తు కుదరదు. రంగును బట్టకు అప్పగించి, తాను ఉతుకులో కొట్టుకుపోతుంది. మధ్యవర్తి అంటే అలా ఉండాలి.

ఇక మిరప చేలల్లో, పత్తి చేలల్లో. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతును అడిగితే సముద్రపు నాచు మందు తెలుసంటాడు. ఇఫ్కో అమ్మే సాగరిక అందులో ఒకటి. భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ దీని వెనకున్న పద్ధతిని రూపొందించింది. కప్పాఫైకస్ అనే ఎర్ర నాచు పచ్చిగా ఉండగానే పిండి, రసాన్ని పైరు మీద పిచికారీకి, మిగిలిన పిప్పిని కారాజీనన్‌కు వాడతారు. కారాజీనన్ మనం తాగే చాక్లెట్ పాలలో పొడి అడుగుకు పేరుకోకుండా చూస్తుంది. రసంలో పొటాషియం, పెరుగుదలను ప్రేరేపించే ఆక్సిన్, సైటోకైనిన్ లాంటి పదార్థాలు ఉంటాయి. ఇది ఎరువు కాదు, పురుగుమందు అంతకన్నా కాదు. కూలికి తిండి పెట్టకుండా టీ మాత్రమే ఇచ్చి పని చేయించినట్టు, నేలకు సత్తువ ఇవ్వకుండా దీన్ని చల్లితే ఒరిగేదేమీ ఉండదు. ఇలాంటి ఉత్ప్రేరకాలను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి తెచ్చారు. అప్పటిదాకా ఏ సీసాలో ఏముందో అమ్మేవాడికే తెలియాలి. ఓసారి ఒక దుకాణంలో ఇలాంటి సీసా కొని, రంగు నీళ్లకు డబ్బు పోశానని ఒక పంట గడిచాక గాని నాకు తెలిసిరాలేదు.

ఆ కప్పాఫైకస్ మన సముద్రానిది కాదు, ఫిలిప్పీన్స్ వైపు నాచు. 1984లో దేశానికి వచ్చింది. 2000 తరవాత రామనాథపురం తీరంలో వెదురు తెప్పలకు కట్టి పెంచడం ఊపందుకుంది. మహిళా సంఘాలకు చేతిలో డబ్బు ఆడింది. తరవాత అది కురుసడై దీవి దగ్గర పగడపు దిబ్బల మీదికి ఎక్కిందని 2008లో కరెంట్ సైన్స్ పత్రికలో వ్యాసం వచ్చింది. ఒకవైపు బతుకుతెరువు, ఇంకోవైపు పగడం. అంతకుముందు నుంచీ ఆ తీరపు ఆడవాళ్లు చేతివేళ్లకు గుడ్డపేలికలు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి మునిగి, సహజంగా పెరిగిన నాచును రాళ్ల మీద నుంచి కోసి తెచ్చేవారు. 1986లో అక్కడి 21 దీవులు జాతీయ పార్కు అయ్యాక తాతముత్తాతల నాటి పని నేరమయింది. మనం పళ్లెంలో కోసుకునే చైనా గ్రాస్ ముక్క వెనక ఆ వేళ్లు ఉండే ఉంటాయి. పెంపకాన్ని పూర్తిగా ఆపమనడం నాకు న్యాయమనిపించదు. స్థానిక జాతులను, పగడానికి దూరంగా పెంచమనడం న్యాయం.

సముద్రపు గడ్డికి అసలు శత్రువు తెప్పలు కావు, చీకటి. 1879 నుంచి లెక్కలు దొరికిన మేరకు ప్రపంచంలోని ఈ పచ్చికల్లో 29 శాతం మాయమయ్యాయని 2009లో ఒక అధ్యయనం తేల్చింది. నీటిలో మట్టి కలిసి మసకేస్తే గడ్డికి వెలుతురు అందదు. నదుల వెంట ఎరువుల నత్రజని వచ్చి చేరితే సన్నటి నాచు పోగులు విజృంభించి గడ్డి ఆకులనే కప్పేస్తాయి. వేర్లతో నిలదొక్కుకుని నిదానంగా పెరిగే మొక్క, గాలివాటు బతుకుల కింద నీడలో కూరుకుపోతుంది. పాఖాల వైపు పుట్టే మున్నేరు చివరికి కృష్ణలో కలుస్తుంది, రామప్ప, లక్నవరం నీళ్లు గోదావరిలో. మన మిరప చేలో ఎక్కువైన యూరియాకు కడలి దారి తెలుసు.

దారిలో అది ఆగే మొదటి మజిలీ చెరువు. భద్రకాళి చెరువు మీద గుర్రపుడెక్క పచ్చటి పట్టాలా పరుచుకున్నప్పుడు కింద జరిగేది సముద్రంలో జరిగేదే. మురుగు తెచ్చిన సత్తువతో పైన తేలే మొక్క బలుస్తుంది, అడుగున హైడ్రిల్లా, వాలిస్నేరియా వెలుతురు లేక చస్తాయి, వాటితో పాటు ఆక్సిజన్, దానితో పాటు చేప. 2024 చివర్లో పూడిక తీయడానికి ఆ చెరువును ఖాళీ చేశారు. హైడ్రిల్లా బురదలో చిన్న దుంపలు దాచుకుంటుంది, అవి ఏళ్ల తరబడి ప్రాణంతో ఉండగలవు. మట్టితో పాటు లారీలకెక్కినవి ఎక్కగా మిగిలినవి నీరు నిండాక మొలకెత్తాలి. నీళ్లు తేటగా ఉంటేనే.

చిన్నప్పటి ప్రయోగాన్ని ఇంట్లో మళ్లీ చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఈసారి రెండు గాజు గ్లాసులు తీసుకోండి. రెండింటిలోనూ ఒకే పొడవు హైడ్రిల్లా కొమ్మ, చిటికెడు వంటసోడా. రెండూ ఒకే ఎండలో పెట్టండి. ఒకదాని ముందు మాత్రం చెరువుమట్టి కలిపిన నీళ్ల సీసా అడ్డుపెట్టండి. గడియారం చూస్తూ నిమిషానికి ఎన్ని బుడగలో రెండింటిలోనూ లెక్కపెట్టి రాసుకోండి.